గడప బయట దానయ్య

"మీ పొగగొట్టాలే కదా సంద్రాన్ని మా ఇళ్ల మీదకి తోలినాయి! ఇప్పుడు శవంతో గృహప్రవేశం సెయ్యమంటారేటి?" నూకాలు కొత్త ఇంటి తలుపును గుద్దింది.

డ్రైవరు లేని బండి ఇరవై రోజులు నడిచి, సముద్రంలో ఊరు మునిగినందుకు పరిహారంగా పెద్ద దేశాలు కజకిస్తాన్‌లో వాళ్లకిచ్చిన ఇంటి ముందు ఆగింది. నిన్న దారిలోనే మామ దానయ్య ప్రాణం వదిలాడు. ఎంత మొత్తుకున్నా బండి ఆగలేదు.

"నమోదైన నలుగురూ కలిసి లోపలికి రావాలి," అంది తలుపులోని యంత్రం, మూడోసారి, తియ్యగా.

మంచులో కూతురు వణికిపోతోంది. మొగుడు ఎర్రయ్య తండ్రిని భుజానికెత్తుకున్నాడు. "పదే నూకాలూ, అయ్యకి సలేత్తంది."

ఆ మాటకి ఆమె గుండె చెరువైంది. అయినా గడపకి అడ్డంగా కూలబడింది.

"ఇంటున్నారా? ముందు మా మావకి ఆరడుగుల నేల సూపించండి! తవ్వుకోడానికి పారివ్వండి! ఆ తరవాతే మీ ఇల్లు!"