పసుపు గీత

వంటింటి గట్టు కింద వానపాముల డబ్బా పెట్టిన రోజే భాగ్యవతి దాని చుట్టూ పసుపుతో గీత గీసింది.

"ఒక్క ఎర్ర గీ గీత దాటినా డబ్బా బజార్ల పడ్తది. ఎనిమిది రోజులు చూస్త" అంది. వానపామును వాళ్లింట్లో ఎర్ర అనే అంటారు.

ఆమె భర్త నారాయణదాస్ ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కమీషన్ ఏజెంటు. జక్రాన్‌పల్లి రైతును అడిగి అరకిలో వానపాములు తెచ్చుకున్నాడు. కూరగాయల తొక్కలతో ఇంట్లోనే ఎరువు చేసి మిద్దె మీది గులాబీలకు వేయాలని ఆయన కోరిక.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి గీత లేదు. తడిబట్టతో తుడిచిన ఆనవాలు ఉంది. డబ్బా మాత్రం కదల్లేదు. ఏదో వానపాము గీత దాటిందనీ, భోజనం అయ్యాక డబ్బా పోతుందనీ అనుకున్నాడు.

కంచంలో సొరకాయ కూర తెల్లగా ఉంది. నోట్లో పెడితే ఉప్పూ కారం కూడా లేవు.

"ఏందే, గింత కోపమా? ఒక్క ఎర్ర బయటికొస్తే నాకు శిక్షనా?"

"ఒక్కటి రాలె. ఉప్పు, కారం పక్కన వెట్టిన, కలుపుకోర్రి."

"మరి పసుపు?"

"పాలల్ల కలిపిస్త, తాగుర్రి. మొన్న పసుపేసిన కూర ఎర్రలకు వెడ్తే అవి ముట్టలె. మూలకు వోయి ముడుసుకున్నయి."

"గీత?"

"నేనే తుడిచిన. ఘాటు పడ్తలేదు వాటికి."

నారాయణదాస్ మళ్లీ కూర వేసుకోబోయాడు. భాగ్యవతి గిన్నె పక్కకు జరిపింది.

"జర ఆగుర్రి. అవి ఇంకా తినలె."