కాబోయే మామగారి బీరు

“ఐసు అడిగావో, మన పెళ్లి ఇక్కడితో సరి,” అంది రొవీనా, పబ్బు తలుపు ముందు కర్టిస్ కాలరు సర్దుతూ.

“అడగను.”

“కూర్చుని వెయిటరు కోసం చూడకు. ఎవరూ రారు. కౌంటరు దగ్గరికి నువ్వే వెళ్లాలి. టిప్పు పెట్టకు, నాన్న చిన్నబుచ్చుకుంటాడు. దాని బదులు ‘మీరూ ఒకటి తీసుకోండి’ అను. నీ వంతు వచ్చినప్పుడు అందరికీ కొనిపెట్టు.”

“డిగ్రీ పరీక్షలకి కూడా ఇంత చదవలేదు నేను,” అన్నాడు కర్టిస్.

పాపం, అతనిది అమెరికాలోని విస్కాన్సిన్. అక్కడ బీరుతో పాటు గ్లాసుల్ని కూడా ఫ్రీజర్లో పెడతారు. పట్టుకుంటే వేళ్లు అతుక్కుపోతే తప్ప అది బీరే కాదు.

రొవీనా తండ్రి హెడ్లీ ఏడాదిగా ఈ సంబంధానికి ససేమిరా అంటున్నాడు. ఆయనకి కర్టిస్ మీద కోపమేమీ లేదు, అమెరికా మొత్తం మీదే ఉంది. కిందటి వేసవిలో ఒక బస్సు నిండా అమెరికన్లు దిగి, బీరు వెచ్చగా ఉందని గ్లాసులన్నీ వెనక్కి పంపారు. ఇంగ్లండులోని ఈ యార్క్‌షైర్ లోయలో ఆయన ముప్పై ఏళ్లుగా ఈ పబ్బు నడుపుతున్నాడు, అంతకుముందు ఒక్క గ్లాసు వెనక్కి రాలేదు.

“ప్రతిదానికీ వంక పెట్టే మనుషులమ్మా వాళ్లు,” అన్నాడు కూతురితో. “ఇంట్లోకి తెచ్చావంటే, రేపు నా శవపేటిక కూడా వంకరగా ఉందంటాడు.”

తండ్రి సరేనంటేనే పెళ్లి అని రొవీనా కర్టిస్‌కి తేల్చి చెప్పేసింది. ఈ ఆదివారం మధ్యాహ్నమే ఆఖరి ప్రయత్నం. అతన్ని లోపలికి తోసి, తను పొయ్యిలో మాంసం చూడటానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

లోపల తాగేవాడు ఒక్కడే ఉన్నాడు, విల్ఫ్. ఎనభై ఏళ్ల గొర్రెల కాపరి. పదహారో ఏట నుంచీ ఆ మూల స్టూలు ఆయనదే.

కర్టిస్ కౌంటరు దగ్గరికి వెళ్లి, ఐసు ఊసెత్తకుండా ఒక బీరు అడిగాడు. కౌంటరు వెనక హెడ్లీ పీపాలోంచి బీరు తోడే చేతిపంపు మూడుసార్లు లాగి, మీగడలాంటి నురగతో గ్లాసు నింపి ముందు పెట్టాడు.

కర్టిస్ ఒక గుక్క తాగాడు. వెచ్చగా, చప్పగా, చివర్లో పుల్లగా ఉంది. వెయ్యేళ్లుగా వీళ్లు దీన్ని ఎలా తాగుతున్నారో అనుకున్నాడు. పక్కకి చూస్తే విల్ఫ్ కిక్కురుమనకుండా తాగుతున్నాడు.

“మీ వైపు బీరు అంత చల్లగా ఎందుకిస్తారో తెలుసా బాబూ?” అన్నాడు హెడ్లీ. “నాలుక మొద్దుబారితే గానీ అది గొంతు దిగదు గనక.”

“అయి ఉండొచ్చండీ.”

“మాది ప్రాణమున్న బీరు. పీపాలో కూడా ఊరుతూనే ఉంటుంది. నేలమాళిగ చల్లదనం చాలు దానికి. ఐసులో పెట్టావంటే చంపినట్టే.”

కర్టిస్‌కి చెప్పడానికి చాలా ఉంది. తమ ఎండల గురించి, గడ్డి కోసి వచ్చాక గొంతులో జివ్వుమనే మొదటి గుక్క గురించి. అదంతా బీరుతో పాటే మింగేశాడు.

“ఎలా ఉందండీ మీకు?” అని విల్ఫ్‌ని అడిగాడు.

“ఫరవాలేదు,” అన్నాడు విల్ఫ్. ఆ లోయలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

కర్టిస్ గ్లాసు ఖాళీ చేసి లేచాడు. “ఈసారి నా వంతు. అందరికీ ఒక్కోటి. మీరూ ఒకటి తీసుకోండి.”

విల్ఫ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “నాక్కూడానా?”

“మీకు కాకపోతే ఎవరికండీ!”

“పెద్ద మనసు నాయనా నీది,” అన్నాడు విల్ఫ్, తన గ్లాసు వైపు చూస్తూ.

కౌంటరు వెనక ఉన్నంతసేపూ హెడ్లీ టీ తప్ప ముట్టడు. కానీ మర్యాద తెలిసి మరీ పోయించిన గ్లాసు కాదంటే తప్పు. తనకీ పోసుకుని, పెద్ద గుక్క వేశాడు. వేసి అలాగే నిలబడిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. విల్ఫ్ వైపు చూశాడు. విల్ఫ్ పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు. హెడ్లీ కర్టిస్ వైపు చూశాడు. అతను మూతి తుడుచుకుని మళ్లీ తాగుతున్నాడు.

“ఎలా ఉంది బాబూ?” హెడ్లీ గొంతు మెత్తబడింది.

“చాలా బాగుందండీ. మా ఊళ్లో ఇలాంటిది దొరకదు.”

“మొహమాటపడకు. ఏమైనా తేడాగా అనిపిస్తే చెప్పు.”

“అబ్బే, ఏం లేదండీ.”

“ఇంకొకటి పొయ్యనా?”

కర్టిస్ రొవీనా మొహం గుర్తు తెచ్చుకున్నాడు. “పొయ్యండి.”

మూడో గ్లాసు కూడా అడుగంటా తాగాడు. హెడ్లీ కౌంటరు దాటి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“పెళ్లి జూన్లో పెట్టుకోండి. విందు ఇక్కడే.”

కర్టిస్ వాళ్లమ్మకి ఫోన్ చెయ్యాలంటూ బయటికి పరుగెత్తాడు. ఆ సందడికి రొవీనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏడాదిగా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఒక్క గంటలో ఏం మంత్రం వేశాడు నాన్నా?”

“అతను అమెరికావాడు కాదు తల్లీ, అచ్చం మనవాడే,” అన్నాడు హెడ్లీ. “మూడు గ్లాసులు తాగాడు. పల్లెత్తు మాట అనలేదు.”

“ఏమనాలి?”

హెడ్లీ విల్ఫ్ వైపు చూశాడు. విల్ఫ్ తన గ్లాసు పక్కకి జరిపాడు.

“ఆ పీపా బుధవారమే పాడైపోయిందమ్మా.”