వెర్నా మెడమీది గడ్డ

"మన టాస్మేనియాలో అయోడిన్ చాలక మెడలో థైరాయిడ్ ఉబ్బడం మామూలేనమ్మా. కానీ అరుదుగా కుక్క కడుపులోని పురుగు వల్ల కూడా అక్కడ నీటిగడ్డ కడుతుంది. అదే అయితే పరీక్షకని ఈ సూది గుచ్చితే ప్రాణం పోవచ్చు. మీ కుక్కకి పచ్చి గొర్రె కార్జం పెడతారా?" అన్నాడు డాక్టరు.

"భలేవారే! పెట్టొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పేదే మా ఆయన!" అని నవ్వింది మా వదిన వెర్నా.

మా అన్నయ్య క్లారీ టోపీ నలుపుతూ కూర్చున్నాడు. "చేపలు తినవు, అందుకే టర్కీకోడి మెడ వచ్చింది" అని ఏడాదిగా ఆమెను వెక్కిరిస్తున్నది ఆయనే.

డాక్టరు సూది ఎత్తాడు.

"ఆపండి!" అన్నాడు అన్నయ్య. "పెడతాను. గొర్రెను కోసినప్పుడల్లా పెడతాను."

డాక్టరు సూది పక్కన పెట్టేశాడు.

"నాకు తెలుసు," అంది వదిన మెల్లగా. "నలుగురిలో మీ పరువు పోతుందని చెప్పలేదు."

అన్నయ్య టోపీతో మొహం కప్పుకున్నాడు.