చౌకలో అయిపోయే పని

“బాగుచెయ్యొద్దు బాబాయ్. ఇది ఇక పనికిరాదని చెప్పెయ్.”

మార్గిట్ ఆ మాట గొంతు తగ్గించి అంది. కారు కింద పడుకుని తుప్పు పట్టిన బోల్టుతో కుస్తీ పడుతున్న మెకానిక్ రూనె, ఆమె తండ్రి పాత స్నేహితుడు, చెయ్యి ఆపాడు. బయట పెరట్లో ఆమె తండ్రి ఇవార్, పాత కార్ల యార్డులో రూనెతో కలిసి విప్పి తెచ్చుకున్న స్ప్రింగులను తీగ బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఆ చప్పుడు షెడ్డులోకి వినిపిస్తూనే ఉంది.

“ఎందుకు చెప్పాలి?” అన్నాడు రూనె.

“ఎందుకా? పోయిన నెల అడవి మలుపులో బడి బస్సుకు ఎదురెళ్ళాడు నాన్న. బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆయనే ఫోను చేసి చెప్పాడు నాకు. నాన్న ఆ బస్సును చూడనే లేదట.”

రూనె కారు కింద నుంచి బయటికి జరిగి కూర్చున్నాడు.

స్వీడన్‌లోని ఈ వార్మ్‌లాండ్ అడవుల్లో మనుషులు ఇలాంటివి మొహం మీద అనుకోరు. మంచు గురించి, బంగాళాదుంపల గురించి మాట్లాడుకుంటారు. కాఫీ తాగుతారు. అసలు మాట గొంతులోనే పెట్టుకుని ఇళ్ళకు పోతారు. మార్గిట్ కూడా ఈ నెలంతా ఆదివారం ఆదివారం అలాగే వచ్చి వెళ్ళింది. ‘నాన్నా, ఇక కారు నడపొద్దు’ అనడానికి నోరు పెగల్లేదు. సరుకులు తెచ్చుకోవాలన్నా, అమ్మ సమాధి దగ్గర దీపం పెట్టాలన్నా ఆయనకు కారే దిక్కు. దాన్ని లాక్కోవడమంటే ఆయన్ని కుర్చీలో కూలేసి తలుపు గడియ పెట్టడమే. అందుకే ఈ దొంగదారి వెతుక్కుంది. ఏటా చేయించే తనిఖీలో కారు ఎలాగూ తప్పింది. మెకానిక్ కూడా చేతులెత్తేస్తే, నేరం కారు మీదికి పోతుంది గానీ ఆయన మీదికి రాదు.

రూనె తల అడ్డంగా ఊపాడు. స్ప్రింగులు పాతవే అయినా గట్టివి దొరికాయన్నాడు. అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మారిస్తే కుదుపు పోతుందన్నాడు. షాక్ అబ్జార్బర్లు మాత్రం పాతవి వెయ్యకూడదు గనక జతగా కొత్తవే తెప్పించానన్నాడు. చౌకలో అయిపోయే పనిని కానే కాదని తాను చెప్పలేనన్నాడు.

మార్గిట్‌కు ఒళ్ళు మండింది. “రేపు ఏ పసిపిల్లకో ఏమన్నా అయితే?”

“మీ నాన్న వస్తున్నాడు. ఊరుకో అమ్మాయ్.”

ఇవార్ స్ప్రింగులు మోసుకొచ్చి నేల మీద దించాడు. కూతుర్ని చూసి, పొద్దున మంచు బాగా పడిందన్నాడు. అవునంది మార్గిట్. మిత్రులిద్దరూ పనిలో పడ్డారు. రూనె బోల్టులు బిగిస్తుంటే ఇవార్ స్ప్రింగును తడిమి తడిమి దాని చోట్లో కూర్చోబెట్టాడు. కళ్ళను వదిలేసి వేళ్ళను నమ్ముకుంటున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. చూడలేక కిటికీ వైపు తిరిగింది.

“ఇది మనిద్దర్నీ పూడ్చిపెట్టి గానీ పోదురా ఇవార్,” అన్నాడు రూనె.

“పోకూడదు. ఇంకా చాలా ఏళ్ళు నడవాలి,” అన్నాడు ఇవార్. ఎనభై దాటిన మనిషి నోట ఆ మాట విని మార్గిట్ గిరుక్కున ఇటు తిరిగింది.

కారును జాకీ మీద నుంచి దించారు. ఇవార్ ముందు మూల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి కిందికి దిగి, పైకి లేచి, ఊగకుండా నిలబడింది. ఆయన తృప్తిగా తలూపి, గోడకున్న మేకు మీద నుంచి తాళంచెవి తీసుకున్నాడు.

మార్గిట్ వెళ్ళి డ్రైవరు తలుపుకు అడ్డంగా నిలబడింది.

“నాన్నా, నీకు కళ్ళు సరిగ్గా కనబడవు. నిన్ను నడపనివ్వను.”

ఇంకొకరి ముందు అనేసింది. అన్నాక ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అయినా అక్కణ్ణించి కదల్లేదు. రూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

ఇవార్ కోపం తెచ్చుకోలేదు. బానెట్ మీద చెయ్యి రాస్తూ కారు చుట్టూ నడిచి, అవతలి తలుపు తీసి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. లోపలి నుంచే తాళంచెవి పట్టుకున్న చెయ్యి ఆమె వైపు చాచాడు.

“బస్సు సంగతి జరిగిన మర్నాడే లైసెన్సు తిరిగి ఇచ్చేశానమ్మా. ఆ మాట నీకెలా చెప్పాలో తెలీక, ముందు బండి నీకోసం బాగుచేయించాను.”