సన్నమూతి పట్టకారు

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది కాలేదు.

మెదక్ అంగట్లో ఒక ముసలామె గోనెపట్ట మీద నాలుగు పాత ఇనుప సామాన్లు పరిచి కూర్చుంది. వాటిలో ఒక పట్టకారు యాకోబు కంటబడింది.

జానెడు పొడవు. కొంగముక్కులా సన్నని మూతి. మూతి లోపల గోరంత గుంట.

"గిది దేనికవ్వా?"

"తీసెతందుకు బిడ్డా."

"మేకులా?"

ముసలామె నవ్వింది. "ఏం పని జేస్తవు?"

"వడ్లపని. చర్చిల బెంచీలు బాగుజేస్త."

"అయితే కొనుకపో. నా చెయ్యి వణుకుతున్నది. ఇగ నాతోని గాదు."

ఇంటికొచ్చి మేకు పట్టి చూశాడు. జారిపోయింది.

కంసాలి చూసి, "మా పనిది గాదు" అన్నాడు.

కమ్మరి అటూ ఇటూ తిప్పాడు. "మస్తు పనితనం. దేనికో ఎరుకలేదు."

చివరికి యాకోబు భార్య సువార్తమ్మ దాంతో పొయ్యిలో నిప్పులు సర్దడం మొదలుపెట్టింది.

ఒకరోజు కాంపౌండరు జయానందం చాయ్ తాగడానికి వచ్చాడు. పొయ్యి దగ్గర పట్టకారు చూసి గ్లాసు కింద పెట్టాడు.

"యాకోబన్నా, గిది ఎక్కడిది? తుపాకి గుండ్లు తీసేదే గిది. మనిషి పెయ్యిలకెల్లి."

సువార్తమ్మ దాన్ని బూడిదతో తోమి, తెల్లబట్టలో చుట్టింది.

"నిప్పుల పెట్టిన పాపిని. ఎవలదో వాళ్లకిచ్చి రాపోండ్రి."

అంగట్లో వాకబు చేస్తే రేగోడ్ దగ్గరి ఓ పల్లె చెప్పారు. ఆ ముసలామె మంత్రసాని బాలలక్ష్మి అట.

గుడిసె ముందు గుండు చేయించుకున్న ఒకతను కాలు చాపి కూర్చుని ఉన్నాడు. పేరు వెంకట్రాములు.

"అవ్వ ఉన్నదా?"

"పోయి పన్నెండొద్దులాయె."

యాకోబు బట్ట విప్పాడు. అతను పట్టకారును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఆ దినాలల్ల ఎంతమందికి పానం బోసిందో దీంతోని. దొరల మీద లేచిన సంఘపోల్లు కాలిస్తే నేను చెల్కల పడున్న. ఒక్కతే ఇంట్లకు గుంజుకొచ్చి గుండు తీసింది. నెలరోజులు గంజి తాపింది."

"నువ్వు ఆమె కొడుకువనుకున్న."

వెంకట్రాములు తల దించుకున్నాడు.

"ఆమెకు ఒక్కడే కొడుకు. దొర చెప్తే వాన్ని కాల్చి సంపింది నేనే, నా పెయ్యిల గుండు తీసిననాడే అది ఆమెకు ఎరుక."