కార్ఖానాలో పదకొండు నిమిషాలు

"ఒక్క పాటే వింటా. గోలయితే ఈ గదికి తాళమే," అంటూ మేనత్త ప్రేమమణి తాళంకప్ప పట్టుకుని కూర్చుంది. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆవిడే.

కార్ఖానా బస్తీలోని ఇంట్లో, గోడలకు బొంతలు కట్టిన ఆ గదే అన్నాచెల్లెళ్ల రాక్ బ్యాండుకు స్టూడియో. ఇవాన్ రికార్డింగ్ ఆన్ చేశాడు.

"ఏం వాయిస్తున్నం?" అంది డ్రమ్స్ వెనక నుంచి హదస్సా.

"నాకూ తెల్వదు. షురూ చెయ్."

పదకొండు నిమిషాలు గిటారు, డ్రమ్స్ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఇద్దరూ ఒక్కసారే ఆగారు. చివరి స్వరం ఇంకా గాల్లోనే ఉంది.

"ఆమేన్," అంది అత్త.

ఇవాన్ తల పట్టుకున్నాడు. "టేక్ ఖరాబయింది. ఎందుకన్నవ్ అత్తా?"

"అలవాటురా. ప్రార్థన అయినంక అనమా?"

'ప్రార్థన' అన్నాక ఆ మాట ఆవిడకే వినిపించింది. తాళంకప్పను మెల్లగా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"మళ్లీ వాయించుండ్రి. ఈసారి నోరు మూసుకుంటా."

"వద్దత్తా," హదస్సా నవ్వాపుకోలేకపోయింది. "ఆఖర్ల ఆమేన్ సుత కావాలె."