సగం దూరం

ఆసుపత్రిలో నడక నేర్పే హాలు. రెండు వైపులా ఇనుప కమ్మీలు. మధ్యలో కండక్టరమ్మ నిలబడింది. కాళ్ళు కదలట్లేదు.

బస్సు ఫుట్‌బోర్డు మీంచి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. ఇక పసిపిల్లలా నడక నేర్చుకోవాలి.

"నువ్వు రాలేవమ్మా," అన్నాడు కమ్మీల చివర కుర్చీలో కూర్చున్న పెద్దాయన.

"ఎందుకు రాలేనండీ?"

"నా దగ్గరికి రావాలంటే ముందు సగం దూరం రావాలి. తర్వాత మిగిలినదాంట్లో సగం. మళ్ళీ అందులో సగం. ఎంత నడిచినా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఇక చేరేదెప్పుడు?"

ఆమెకి ఒళ్ళు మండింది.

"మీ లెక్కన నా బస్సు ఏ స్టాపుకీ చేరకూడదు."

"చేరదు."

"మరి ఇన్నేళ్ళూ జనం ఎక్కడ దిగారు, గాల్లోనా?"

"దిగామనుకున్నారు. అది వాళ్ళ భ్రమ."

"ఉండండి, మీ భ్రమ నేను వదిలిస్తా!"

ఒక అడుగు వేసింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకా చాలా ఉంది," అన్నాడాయన తాపీగా.

రోజూ ఇదే తంతు. ఆయన నోరు మూయించాలన్న పంతంతో, సిస్టర్ పిలవకముందే తయారయ్యేది.

ఒక సాయంత్రం కమ్మీలు వదిలేసి, వెళ్ళి ఆయన భుజం తట్టింది.

"స్టాపొచ్చింది, దిగండి!"

"ఓడిపోయానమ్మా," అన్నాడు. ఆ మొహం వెలిగిపోయింది. ఓడినందుకు అంత సంబరమేమిటో ఆమెకి అర్థం కాలేదు.

మర్నాడు ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన పేరైనా అడగలేదు.

మళ్ళీ డ్యూటీలో చేరాక, "రైట్ రైట్" అన్నప్పుడల్లా ఆ హాలు, ఆ మందుల వాసన, ఆ మొండి గొంతు గుర్తొచ్చేవి. స్టాపు రాగానే, 'చేరాం చూడండి పెద్దాయనా' అని లోలోపల నవ్వుకునేది.

రిటైరయ్యాక, ఆ మాటేదో ఎదురుగానే చెబుదామని ఆసుపత్రికి వెళ్ళింది. కమ్మీలకి కొత్త రంగు వేశారు. చివర కుర్చీ లేదు.

"ఆయన పోయి ఏడాదైందమ్మా," అంది సిస్టర్.

కండక్టరమ్మ కమ్మీని ఒకసారి చేత్తో నిమిరింది.

"పాపం, ఆయనకీ కాళ్ళ జబ్బేనా?"

"ఆయన పేషెంటే కాదు. కాలేజీలో తర్కం చెప్పేవారు. ఆ సగం దూరం లెక్క ఆయన పాఠమే."

"మరి రోజూ ఇక్కడేం పని?"

సిస్టర్ గొంతు తగ్గించింది.

"వాళ్ళావిడ ఈ కమ్మీల మధ్యే సగం దూరం నడిచి, ఇక నావల్ల కాదని మంచం పట్టి పోయిందమ్మా. తన వాదం అలా నెగ్గడం ఆయన భరించలేకపోయారు. అప్పట్నుంచీ మీలాంటివాళ్ళ చేతిలో ఓడిపోవడానికే వచ్చేవారు."